పొరుగు గెలాక్సీలలో వచ్చిపోవు ఎక్స్ కిరణ తారలు

సఖినేటిపల్లి రేవున చీకటి పడిన తరువాత నిలుచుండి, వశిష్ఠ గోదావరికి ఆవల నున్న నర్సాపురం వైపు చూచినచో గట్టు వెంబడి దీపములు వరుసగా కనిపించును. వాటిలో ఒకటి ప్రక్కదానికంటె నాలుగు రెట్లు కాంతిమంతముగా కనిపించినచో, అది నిజముగనే నాలుగు రెట్లు పెద్ద దీపమని ధైర్యముగా చెప్పవచ్చును. దీపములన్నియు మనకు ఇంచుమించు ఒకే దూరమున నున్నవి గదా! అక్కడినుండి దక్షిణముగా అంతర్వేదికి పోయి సముద్రపు టొడ్డున నిలిచినచో ఈ ధైర్యముండదు. చీకటిలో వేటపడవల దీపములు మినుకు మినుకు మనుచుండును. ఎక్కువ వెలుగుతో కనిపించునది దగ్గరలోని చిన్న లాంతరో, దూరమున నున్న పెద్ద దీపమో కంటితో తేల్చలేము.

ఖగోళ శాస్త్రజ్ఞులకు ఈ చిక్కు మొదటినుండియు ఉన్నది. మన సూర్యుడు పాలపుంత యను గెలాక్సీ లోపల నున్నాడు. మనకు కనిపించు నక్షత్రములు కొన్ని దగ్గర, కొన్ని దూరము, మధ్య అక్కడక్కడ ధూళి తెరలు. ఇది అంతర్వేది సముద్రము వంటిది. పాలపుంతకు వెలుపలనున్న పొరుగు గెలాక్సీలు ఆవలి గట్టు వంటివి. ఒక గెలాక్సీలోని తారలన్నియు మనకు దాదాపు ఒకే దూరమున నుండును. ఈ సౌకర్యమును మొదట వినియోగించుకొన్న వారిలో అమెరికాకు చెందిన హెన్రియెట్టా లీవిట్ అను విదుషీమణి ముఖ్యురాలు. ఆమె 1912లో చిన్న మాజెల్లాన్ మేఘమను పొరుగు గెలాక్సీలోని 25 చంచల తారలను పరిశీలించి, వెలుగు ఎక్కువగా నున్న తార నెమ్మదిగను, తక్కువగా నున్నది త్వరగను మినుకుచున్నట్లు కనుగొనెను. ఒకే దూరమున నున్న తారలు కాకున్నచో ఆ నియమము బయటపడెడిది కాదు.

ఇదే యుక్తిని నేడు ఎక్స్ కిరణములను వెలువరించు విచిత్రమైన తారల విషయములో వాడుచున్నారు. ఇందు మన శ్రీహరికోటనుండి ఎగిరిన ఒక ఉపగ్రహమునకు, అంతకుముందు హైదరాబాదునుండి ఎగిరిన బెలూనులకు పాత్ర ఉన్నది.

ఎక్స్ కిరణములనగానే ఆసుపత్రిలో విరిగిన ఎముకకు తీయు ఫోటో జ్ఞాపకము వచ్చును. చేతిలోని మాంసమును దూసికొనిపోవు కిరణము గాలిని దాటలేదా యని తరగతిలో ఏ విద్యార్థియైన అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. మన నెత్తిపైనున్న గాలి అంతయు కలిసి ప్రతి చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలోగ్రాము బరువుండును. అనగా పది మీటర్ల లోతు నీటి పొర మనలను కప్పియున్నట్లే. ఆసుపత్రి కిరణము నాలుగైదు సెంటీమీటర్ల మాంసమును దాటును గాని పది మీటర్ల నీటిని దాటలేదు. అందుచేత ఆకాశమునుండి వచ్చు ఎక్స్ కిరణములలో ఒక్కటియు నేలను చేరదు. జీవులకు ఇది మేలే, శాస్త్రజ్ఞునకే ఇబ్బంది.

కాబట్టి పరికరమును గాలిపైకి పంపవలెను. 1962 జూన్ 18న రికార్డో జియాకోని బృందము అమెరికాలో ఒక రాకెట్టును ఎగురవేసి, కొద్ది నిముషముల వ్యవధిలో వృశ్చిక రాశి దిక్కునుండి బలమైన ఎక్స్ కిరణములు వచ్చుచున్నట్లు కనుగొనెను. సూర్యునికి వెలుపల కనుగొనబడిన మొదటి ఎక్స్ కిరణ జనకమిది. జియాకోనికి 2002లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆరేండ్లు తిరుగకముందే, 1968లో, టాటా మౌలిక పరిశోధన సంస్థవారు హైదరాబాదునుండి బెలూనులలో పరికరములను పంపి ఆ వృశ్చిక జనకమునే పరిశీలించిరి. నలభై కిలోమీటర్ల ఎత్తున మిగిలియుండు గాలి చదరపు సెంటీమీటరుకు మూడు నాలుగు గ్రాములు మాత్రమే. తీవ్రమైన ఎక్స్ కిరణములు ఆపాటి గాలిని దాటగలవు. ప్రయోగము ముగిసిన పిమ్మట పరికరము పారాచూటుతో ఏదో ఒక పల్లెలో దిగును. దొరికినవారు దానిని విప్పక పోలీసు స్టేషనుకో, తపాలా కార్యాలయమునకో తెలుపవలెనని ఆ సంస్థ పత్రికలలో ప్రకటనలు ఇచ్చుచుండును. ఆ ప్రకటన చదివి ఇదేమో గూఢచారి వ్యవహారమని భయపడిన వారును ఉందురు. లోపల నున్నది తారల లెక్క మాత్రమే.

బెలూను కొన్ని గంటలు మాత్రమే పైనుండును. ఎక్స్ కిరణ తారలలో పెక్కింటికి నిలకడ లేదు. 1967లో ఆస్ట్రేలియానుండి ఎగిరిన రాకెట్లు సెంటారస్ మండలములో మునుపు లేని ఒక తీవ్ర జనకమును చూచినవి. కొద్ది నెలలకే అది మాయమైనది. ఇట్టి వాటిని తాత్కాలిక జనకములందురు. కొన్ని వారములు వెలిగి, ఏండ్ల తరబడి ఆరిపోయి, ఎప్పుడో మరల వెలుగును. చుట్టపుచూపుగా వచ్చు వీటిని చూడవలెనన్న నిత్యము కాపలా ఉండవలెను. అందులకు ఉపగ్రహమే శరణ్యము.

2015 సెప్టెంబరు 28 ఉదయము శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. సి-30 రాకెట్టు ఆస్ట్రోశాట్ అను ఉపగ్రహమును తీసికొని ఎగిరినది. దాని బరువు 1,515 కిలోగ్రాములు. భూమికి 650 కిలోమీటర్ల ఎత్తున, భూమధ్యరేఖకు ఇంచుమించు పైననే తిరుగునట్లు దానిని నిలిపిరి. ఐదేండ్లు పనిచేసిన చాలుననుకొని నిర్మించిన ఆ యంత్రము 2025 సెప్టెంబరు నాటికి పదేండ్లు నిండించుకొన్నది. అందలి పరికరములలో మనకు ఇక్కడ పనికివచ్చునది ఒకటి. అది జినాన్ వాయువుతో నింపిన మూడు పెద్ద పెట్టెలు. ఎక్స్ కిరణము లోపల ప్రవేశించి వాయు పరమాణువునుండి ఎలెక్ట్రానును ఊడగొట్టును. ఆ ఎలెక్ట్రాను తీగల వైపు పరుగెత్తుచు మరికొన్నింటిని ఊడగొట్టగా ఒక చిన్న విద్యుత్ స్పందనము పుట్టును. కిరణము ఎంత తీవ్రమైనదైతే స్పందనము అంత పెద్దది. అది వచ్చిన కాలమును ఒక సెకనులో లక్షవ వంతువరకు గుర్తించి వ్రాసికొనుట ఈ పెట్టెల గొప్పతనము. ఇది బొమ్మలు తీయు పరికరము కాదు, లెక్కపెట్టు పరికరము.

2019 నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రముపై నున్న మాక్సి అను జపాను పరికరము దక్షిణాకాశమున చిన్న మాజెల్లాన్ మేఘము అంచు దాపున ఒక జనకము వెలుగుట చూచినది. శాస్త్రజ్ఞులు ఆ స్థానము చూచి పాత జాబితాలు తిరగవేసిరి. అది క్రొత్తది కాదు. జర్మనీ ప్రధాన భాగస్వామిగా నడచిన రోశాట్ ఉపగ్రహము దానిని 1993లో రెండుమార్లు వెలిగినప్పుడు చూచినది. అయితే అప్పటికప్పుడు ఎవరును గమనించలేదు. భద్రపరచిన ఆ లెక్కలను తిరిగి చదివిన వారు 2005లో దాని ఉనికిని ప్రకటించి ఆర్‌ఎక్స్ జె0209.6-7427 అని పేరు పెట్టిరి. పేరు కర్కశముగా నున్నను అందులోనే చిరునామా ఉన్నది. ఆకాశ రేఖాంశము 2 గంటల 9.6 నిముషములు, ఆకాశ అక్షాంశము దక్షిణముగా 74 డిగ్రీల 27 కళలు. 1993 తరువాత ఇరువదియారేండ్లు అది మరల వెలిగినట్లు ఎక్కడను నమోదు కాలేదు.

వెలిగినది గాని ఎన్నాళ్ళు వెలుగునో తెలియదు. ముందుగా నిర్ణయించుకొన్న పరిశీలనలను ప్రక్కకు నెట్టి ఆస్ట్రోశాట్‌ను ఆ వైపు త్రిప్పిరి. అప్పటికి మూడు పెట్టెలలో ఒకటి 2018లోనే ఆపివేయబడినది, రెండవది మందగించినది. ఉన్నదానితోనే పని జరిగినది.

ఆ పెట్టె వ్రాసినది కిరణములు వచ్చిన వేళల జాబితా. అందులో ఒక లయ దాగియున్నదేమో తెలిసికొనుట ఎట్లు? దీనిని బడిలో చేసి చూపవచ్చును. సన్నని పొడవాటి కాగితపు పట్టీపై ఒక్కొక్క కిరణమునకు ఒక్కొక్క చుక్క, కాలక్రమమున పెట్టుడు. దానిని గుండ్రని వెదురుకర్రకు వరుసగా చుట్టుడు. కర్ర చుట్టుకొలత లయకు సరిపడనిచో చుక్కలు నలువైపుల చెల్లాచెదరుగ నుండును. సరిపడినచో చుక్కలు కర్రకు ఒకే ప్రక్క గుమిగూడును. వేర్వేరు లావుల కర్రలతో ప్రయత్నింపవలెను. ఆ పనిని నేడు గణన యంత్రము చేయును. ఈ జనకమునకు సరిపడిన “కర్ర” 9.3 సెకనులు. నైసర్ అను అమెరికా పరికరము, ఆస్ట్రోశాట్ రెండును ఆ లయను చూచినవి.

9.3 సెకనుల లయ అనగా ఏదో ఒక వస్తువు అంత కాలములో ఒకసారి తన చుట్టు తాను తిరుగుచున్నది. సూర్యుని వంటిదైనచో అంత వేగమునకు చీలిపోవును. ఇది న్యూట్రాను తార. సూర్యునికంటె ఎక్కువ పదార్థము ఇరువది, ఇరువదియైదు కిలోమీటర్ల అడ్డుకొలతలో అదిమి పెట్టబడియున్నది. అమలాపురమునుండి కొత్తపేట వరకు పరచినచో సరిపోవు బంతి యన్నమాట. దానికి జోడుగా సూర్యునికంటె చాల పెద్దదగు నీలి తార ఒకటి ఉన్నది. ఆ పెద్ద తార వేగముగా తిరుగుచు తన నడుము చుట్టు వాయువును విసరి పళ్ళెము వలె పరచుకొనును. న్యూట్రాను తార తన కోలమార్గములో ఆ పళ్ళెమును సమీపించినపుడు వాయువును లాగికొనును. పళ్ళెము పలుచబడినపుడు లాగికొనుటకు ఏమియు ఉండదు. వెలుగుటకు, ఆరుటకు కారణమిదియే. పళ్ళెము మరల ఎప్పుడు ఉబ్బునో చెప్పుటకు వీలు లేదు కనుక ఇరువదియారేండ్ల నిద్ర ఆశ్చర్యము కాదు.

వాయువు పడినంత మాత్రమున ఎక్స్ కిరణములు ఎందులకు పుట్టవలెను? ధవళేశ్వరము ఆనకట్టపైనుండి దూకిన నీరు అడుగున నురుగు కట్టును గాని వేడెక్కినట్లు చేతికి తెలియదు. ఎత్తు కొద్ది, భూమి ఆకర్షణ కొద్ది. న్యూట్రాను తారపై పడు వాయువు కాంతి వేగములో సగము వేగమును అందుకొని ఢీకొనును. హైడ్రోజను హీలియముగా మారునపుడు గ్రాముకు ఎంత శక్తి వెలువడునో, ఈ పతనములో దానికి సుమారు ఇరువది రెట్లు వెలువడును. అంత వేడిలో వెలుగు ఎరుపు, నీలము దాటి ఎక్స్ కిరణముల రూపమున వచ్చును. తార అయస్కాంత శక్తి వాయువును ధ్రువముల వైపు నడుపును. కనుక ధ్రువములే మండును. తార తిరుగునపుడు ఆ మండుచున్న చోటు దీపస్తంభపు కాంతివలె మన వైపు ఒకసారి తిరిగిపోవును. అదే 9.3 సెకనుల లయ. పడుచున్న వాయువు తారను కూడ త్రిప్పును గనుక, వెలిగిన దినములలో ఆ లయ కొంచెము కొంచెముగ వేగము హెచ్చినది.

ఇక అసలు సంగతికి వచ్చెదము. ఈ జనకమున్నది మాజెల్లాన్ మేఘములు రెంటిని కలుపు వాయువారధి వైపున. దూరము సుమారు 1 లక్ష 80 వేల కాంతి సంవత్సరములు. ఆ దూరమును బట్టి లెక్కించిన, ఉచ్ఛస్థితిలో దాని శక్తి సూర్యుని మొత్తము కాంతికి రెండున్నర లక్షల రెట్లకు మించినది. ఇందేమి విశేషమందురా? వెలుగు తాను తాకిన పదార్థమును వెలుపలికి నెట్టును. పడుచున్న వాయువు ఎక్కువైన వెలుగు ఎక్కువగును. వెలుగు ఎక్కువైన నెట్టుడు ఎక్కువై పడుట ఆగును. కనుక ఒక హద్దు ఉండవలెనని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఎడింగ్టన్ పేర ఒక సూత్రమున్నది. న్యూట్రాను తారకు ఆ హద్దు సుమారు 45 వేల సూర్యులు. ఈ చుట్టము ఆ హద్దునకు ఐదు రెట్లకు పైగా వెలిగినది! 2020లో ఆస్ట్రోశాట్ పరిశీలనను ప్రకటించిన భారతీయ శాస్త్రజ్ఞులు ఇది అత్యుజ్జ్వల ఎక్స్ కిరణ స్పందన తార కావచ్చునని వ్రాసిరి. వారిలో పి. సి. అగ్రవాల్ ఒకరు. 1968 నాటి హైదరాబాదు బెలూను పరిశోధనలలోను ఆయన పాల్గొనిరి. ఐదు దశాబ్దములు ఒకే పనిని పట్టుకొనియుండుట ఇట్టి శాస్త్రములోనే సాధ్యము కాబోలు.

దూరము తప్పినచో ఈ కథ ఎట్లుండునో విద్యార్థులే లెక్క కట్టవచ్చును. ఇదే జనకము పాలపుంతలో పది వేల కాంతి సంవత్సరముల దూరమున నున్నదనుకొందము. దూరము పదునెనిమిదవ వంతు. వెలుగు దూరపు వర్గమును బట్టి తగ్గును గనుక శక్తి 324వ వంతు. రెండున్నర లక్షల సూర్యులు ఎనిమిది వందలకు పడిపోవును. అప్పుడిది హద్దులోపల బుద్ధిగానున్న సామాన్యమైన తార. ఇది ఊహ మాత్రమే కాదు. 2017లో పాలపుంతలోనే స్విఫ్ట్ జె0243.6+6124 అను తాత్కాలిక జనకము వెలిగినది. దానిని కూడ ఆస్ట్రోశాట్ చూచినది. దాని లయ 9.8 సెకనులు, పోలికలో దీనికి తోబుట్టువే. మొదట దూరము ఎనిమిది వేల కాంతి సంవత్సరములని అంచనా వేసిరి. తరువాత గయా ఉపగ్రహపు కొలతలు దానిని రెండింతలకు పైగా పెంచినవి. దానితో శక్తి నాలుగింతలకు పైగా పెరిగి, ఎడింగ్టన్ హద్దును మించినదా యను ప్రశ్నకు జవాబే మారినది. ఆవలి గట్టు దీపమునకు ఇంత ఒడుదొడుకు ఉండదు.

అయితే ఆవలి గట్టునకును సందులు, వీధులు ఉన్నవి. చిన్న మాజెల్లాన్ మేఘము పలుచని పళ్ళెము కాదు; మన వైపునుండి చూడ అది చాల లోతుగలది. అందుచే దూరములో కొంత తేడా ఉండక తప్పదు. అంతకంటె పెద్ద అనుమానము మరొకటి. శక్తిని లెక్కించునపుడు వెలుగు అన్ని దిక్కులకు సమానముగ పోవుచున్నదని అనుకొందుము. అది టార్చిలైటువలె మన వైపే ఎక్కువగ వచ్చుచున్నచో మన లెక్క పెద్దదై పోవును. అయస్కాంత బలము వాయువును సన్నని స్తంభముగ నడుపుచుండగా వెలుగు ప్రక్కలనుండి తప్పించుకొనునని, అందుచే హద్దు నిజముగనే దాటవచ్చునని ఒక వాదము. రెంటిలో ఏది ఎంతవరకు నిజమో ఇంకను తేలవలసియున్నది. తేలుటకు ఇట్టి తారలు మరికొన్ని కావలెను, దూరము తెలిసినవి కావలెను.

మాజెల్లాన్ మేఘములు దగ్గరి పొరుగు. పెద్ద పొరుగు ఆండ్రోమెడా గెలాక్సీ. అది 25 లక్షల కాంతి సంవత్సరముల దూరమున నున్నది. వెనుకటి జనకమును అక్కడ పెట్టినచో వెలుగు నూట తొంబదవ వంతునకు తగ్గును. లెక్కపెట్టు పెట్టెలు చాలవు. కిరణములను ఒక బిందువునకు చేర్చు దర్పణములు కావలెను. 1978లో ఎగిరిన ఐన్‌స్టీన్ ఉపగ్రహము ఆండ్రోమెడాలో సుమారు 100 జనకములను చూపినది. 1999లో ఎగిరిన చంద్రా, ఎక్స్‌ఎంఎం న్యూటన్ దూరదర్శినులు మరల మరల అదే ప్రదేశమును చూచి, నిన్న లేని చుక్క నేడున్నదా యని పోల్చుచు వచ్చినవి. 2012 జనవరిలో న్యూటన్ దూరదర్శిని పట్టుకొన్న ఒక చుక్క అతి తీవ్రముగ వెలిగినది; రేడియో తరంగములను కూడ వెలువరించినది. అది కొన్ని సూర్యుల భారముగల కృష్ణబిలమని నిర్ణయించిరి.

ఆండ్రోమెడాలోనే మరియొక వింత తార ఉన్నది. 2008 డిసెంబరులో జపాను ఔత్సాహికులు దానిని నవతారగ చూచిరి. సామాన్యముగ ఒక నవతార మరల పేలుటకు వేలకొలది ఏండ్లు పట్టును. ఇది ఇంచుమించు ఏడాదికొకమారు పేలుచున్నది. పేలిన ఆరవ దినము ప్రాంతమున మృదువైన ఎక్స్ కిరణములు కనబడి, రెండు వారములలో ఆరిపోవును. ఇక్కడ న్యూట్రాను తార లేదు, శ్వేత కుబ్జ తార ఉన్నది. జోడు తారనుండి వచ్చిన హైడ్రోజను దాని నేలపై పేరుకొని పేలుచున్నది. ఇంత త్వరగ పేలవలెనన్న ఆ కుబ్జతార భారము, మన చంద్రశేఖర్ నిర్ణయించిన 1.4 సూర్యుల అవధికి చాల దగ్గర నుండవలెను. ఇక్కడను పాత లెక్కలు అక్కరకు వచ్చినవి. 1992, 1993, 2001 సంవత్సరముల ఉపగ్రహ చిత్రములను వెదకగా అది అప్పుడును వెలిగినట్లు తెలిసినది. ఆస్ట్రోశాట్ కూడ దీని విస్ఫోటనములను పరిశీలించినది.

వీటిని కోనసీమనుండి చూడగలమా? ఎక్స్ కిరణములను చూడలేము, కాని వాటి ఊరి దిక్కును చూడవచ్చును. అంతర్వేది అక్షాంశము సుమారు 16 డిగ్రీల 20 కళలు. దానిని తొంబదినుండి తీసివేయగా 73 డిగ్రీల 40 కళలు వచ్చును; దక్షిణమున అంతకుమించిన ఆకాశ అక్షాంశముగల తార ఏదియు అక్కడ ఉదయింపదు. మన చుట్టము 74 డిగ్రీల 27 కళల యొద్ద నున్నది. గాలి వంపు అర డిగ్రీ పైకెత్తినను అది సముద్రపు అంచునకు క్రిందనే ఉండును. ఆండ్రోమెడా మాత్రము మనకు ప్రసన్నముగనే ఉన్నది. నవంబరు నడుమ, వెన్నెల లేని రాత్రి తొమ్మిది గంటల ప్రాంతమున, వీధి దీపములు లేని చేల గట్టునకు పొండు. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర తారలు నాలుగు కలిసి నడినెత్తిన పెద్ద చతురస్రముగ కనిపించును. దాని ఈశాన్యపు మూల తారనుండి ఈశాన్యముగనే రెండు తారలు లెక్కించి, రెండవ దానినుండి వాయవ్యముగ మరి రెండు మసక తారలు దాటుడు. అక్కడ, ఉత్తరపు దిగంతమునకు 65 డిగ్రీల ఎత్తున, ఊదిన అద్దముపై ఆవిరి మరకవలె చిన్న మసక కనిపించును. కొబ్బరిచెట్ల మొవ్వులు అడ్డము రాకుండ చూచుకొనుడు. అంత ఎత్తున కూడ మన చెట్లు అడ్డము వచ్చును.